వినబడని మువ్వలు

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్ మిషన్ల మధ్య ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నిరుడు మా ఆవిడ పోయాక ఇంద్రేశంలో ఇంట్లో ఒక్కణ్నే. ఆ నిశ్శబ్దం భరించలేక, మంచి స్పీకర్లు కొందామని హైదరాబాద్‌లో ఖరీదైన ఆడియో సిస్టమ్‌ల ప్రదర్శనకు వెళ్లాను.

ఒక గదిలో ఒకే నాట్యం పాటను రెండు సిస్టమ్‌ల మీద వినిపించారు. అందరూ గుళ్లో కూర్చున్నట్టు కళ్లు మూసుకుని విన్నారు.

"రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి గదా," అన్నాను. మిషన్ల దగ్గర అరిచి మాట్లాడిన గొంతు నాది. గదంతా నావైపు తిరిగింది. ఎవరో నవ్వారు.

పాట పెడుతున్న అమ్మాయి నా దగ్గరికొచ్చి, "రెండో దాంట్ల మువ్వలు సాఫ్ వినొస్తున్నయి గద అంకుల్," అంది.

"ఏ మువ్వలు బిడ్డా?" అన్నాను.

ఆమె నన్నొకసారి చూసి, మళ్లీ పాట పెట్టడానికి వెళ్లింది. నేను ఏమీ కొనకుండా ఇంటికొచ్చేశాను.

మా ఆవిడ పట్టీల చప్పుడు ఆగిపోయి చాలా ఏళ్లయింది. మువ్వలు రాలిపోయాయేమో అనుకున్నానే గాని, ఏనాడూ అడగలేదు. బీరువాలోంచి ఆ పట్టీలు తీసి చూశాను. ఒక్క మువ్వా రాలలేదు. చెవికి ఆనించి ఊపాను. ఏమీ వినబడలేదు.

ఆమె ఇంట్లో తిరుగుతుండగానే నా ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నాకే తెలియలేదు.