అది తీసుకొని రా

ఆ రోజుల్లో నా లెక్కకు అందనిది ఏదీ లేదని నాకు గట్టి ధీమా ఉండేది (బడి చదువు సగంలో ఆగిపోయినా లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను, ఆ పొగరు). తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే చోట కొలతలు చూసే పనికి కుదిరాను. మా మేస్త్రీని అందరూ ‘అదిమామ’ అనేవాళ్లు. ఆయనకు వస్తువుల పేర్లతో పనిలేదు. “అది దాంట్లో ఏసి ఇది చేయప్పా” అంటే, ఆయన చెయ్యి ఎటు చూపుతోందో చూసి పని చేసేవాళ్లు. మిషన్ల మోతలో మాట ఎటూ వినపడదు కాబట్టి ఇబ్బంది లేకుండా సాగిపోయేది. ఆయన సెల్‌ఫోన్ కొని మెసేజ్‌లు పంపడం మొదలుపెట్టాక వచ్చింది చిక్కు. మెసేజ్‌లో చెయ్యి కనబడదు కదా.

నేను ఊరుకుంటానా? పగిలిన బండ మీద సుద్దముక్కతో లెక్క కట్టాను. పొద్దున్నే ‘అది’ అంటే టీ. ఎండ ముదిరాక నీళ్ల పైపు. పక్కన ‘సరిపోతాదా’ అని ఉంటే బండలు కోసే గుండ్రటి బ్లేడు. ‘దానికి’ అంటే కోత మిషన్. కొన్నాళ్లకు నా లెక్క తప్పడం మానేసింది. (ఇప్పటి ఫోన్లు తర్వాతి మాటను ముందే ఊహించి చూపిస్తుంటే అందరూ వింతపడతారు, నేను పడను.)

అదిమామకు ఒక కూతురు. నాయనకు క్యారియర్ తెచ్చేది, పోతూ పోతూ నన్ను చూసి నవ్వేది. మా నాయన పోయి సంబంధం అడిగితే “చూసి చెప్తాం” అన్నారట. ఆ కబురు కోసం అన్నం సహించక తిరుగుతుండగా మామ మెసేజ్ వచ్చింది: “రేపు అది తీసుకొని ఇంటికి రా. దానికి సరిపోతాదేమో చూడాల.”

గుండె ఒకటి చెప్పింది, సుద్దముక్క ఇంకొకటి చెప్పింది. మామ ఇంటి వెనక పాత కోత మిషన్ ఒకటి ఉండేది. నేను లెక్కనే నమ్మి, చాటంత బ్లేడును గోనెసంచిలో చుట్టి ఆటోలో తీసుకుపోయాను. లోపల చాప మీద జాతకాలు చూసే అయ్యవారు పంచాంగం విప్పుకొని కూర్చున్నాడు. మామ సంచి విప్పి చూశాడు.

“జాతకం తెమ్మంటే బ్లేడు తెచ్చినావేందిరా?”

ఆయన ఒక వస్తువును పేరు పెట్టి పిలవగా వినడం నాకు అదే మొదలు. సంబంధం పోయినట్టే అనుకున్నాను. అప్పుడు తలుపు వెనక నుంచి నవ్వు ఆపుకుంటున్న గొంతు వచ్చింది.

“నాకు సరిపోతాదిలే నాయనా. జాతకం రేపు తెమ్మను.”

ఇప్పుడు ఆమె కూడా వాళ్ల నాయన లాగే “వచ్చేటప్పుడు అది తీసుకొని రా” అని మెసేజ్ పెడుతుంది. నేను ఈ వయసులోనూ లెక్క కట్టుకొనే తీసుకుపోతాను. సంచిలోకి తొంగిచూసి, “ఇది కాదు, సరిపోతాదిలే” అంటూ లోపలికి పోతుంది. బ్లేడు ఒళ్లో పెట్టుకొని, లెక్క కుదిరిందని మురిసిపోతూ ఆటోలో కూర్చున్న ఆ కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. దారిలో వాణ్ని ఆపి లెక్క తప్పని ఎవరూ చెప్పకపోవడం నా అదృష్టం.