సగం తీసేసి చూసిన ఇల్లు

దెయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం లేదు, నమ్మకమూ లేదు. కొల్లేటి లంకల్లో పుట్టి పెరిగినదాన్ని. పొద్దుపోయాక కూడా దోనె మీద ఒక్కదాన్నే వచ్చేదాన్ని. మూడో తరగతితో చదువు ఆగిపోయింది కానీ, కళ్ళతో చూసింది మాత్రం మర్చిపోను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అమ్మాయి సునీత ఏలూరులో ఒక మేడ మీద వాటాలో అద్దెకుంటుంది. అల్లుడికి చెన్నైలో ఉద్యోగం, వీలు చూసుకుని వచ్చి వెళ్తుంటాడు. వాళ్ళకొక్కతే కూతురు, జెస్సీ. నాలుగేళ్ళది. సునీత ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేస్తుంది కాబట్టి పిల్లను చూసుకుంటూ నేను వాళ్ళతోనే ఉండేదాన్ని.

దాని పనేమిటో ఒకసారి నాకు తెలిసేలా చెప్పింది. మనుషులు రాసిన ప్రోగ్రాము ఉన్నదున్నట్టు యంత్రానికి అర్థం కాదట. కంపైలర్ అని మధ్యలో ఒకటుండి, దాన్ని యంత్రం భాషలోకి మారుస్తుందట. "పిండిమర లాంటిదమ్మా. బియ్యం నువ్వెంత శుభ్రంగా ఏరి ఇచ్చినా, మరలో రాయి చెడితే పిండిలో ఇసుక వస్తుంది కదా. అందరూ బియ్యాన్నే తిడతారు, మరనెవరూ అనుమానించరు. నేను ఆ మరలో తప్పులు వెతుకుతాను" అంది. ఆ తప్పుల్నే బగ్గులంటారు.

వెతికే పద్ధతి నేనూ పక్కన కూర్చుని చూశాను. ఎవరో పంపిన చాంతాడంత ప్రోగ్రాములో సగం తీసేసి నడిపిస్తుంది. తప్పు ఇంకా వస్తోందంటే, తీసేసిన సగానికి దానితో పనిలేదన్నమాట. మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీస్తుంది. అలా తీసుకుంటూ పోతే చివరికి నాలుగు వరుసలు మిగులుతాయి, మరలో తప్పెక్కడుందో వాటితో దొరుకుతుంది.

"వంకాయలైనా ఇంత ఓపిగ్గా తరగవు కదే" అని ఏడిపించేదాన్ని.

"వంకాయలకి నువ్వున్నావుగా" అనేది.

కిందటి వేసవిలో జెస్సీకి మొదలైంది. మధ్యాహ్నం అన్నం తిని నా ఒళ్ళో పడుకున్న పిల్ల ఉన్నట్టుండి ఊపిరి అందక గిలగిల్లాడింది. నీళ్ళలో మునిగినవాళ్ళు పైకి రావడానికి కొట్టుకుంటారే, అలాగ. పెదాలు నీలం తిరిగాయి. బోర్లా తిప్పి వీపు చరిస్తే నోట్లోంచి పుడిసెడు నీళ్ళు వచ్చాయి. తాగిన నీళ్ళే అనుకున్నాం. నా చీర మీద పడిన తడి మాత్రం కొల్లేటి నాచు వాసన వేసింది. ఆ వాసన నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

అక్కడి నుంచి రోజు విడిచి రోజు వచ్చేది. ఏలూరులో చూపించాం, విజయవాడ తీసుకెళ్ళాం. ఊపిరితిత్తులు, గుండె, రక్తం, అన్నీ బాగున్నాయన్నారు. "ఊపిరి ఇంకాస్త సేపు ఆగితే ప్రాణానికే ముప్పమ్మా, పిల్లను ఒంటరిగా వదలకండి" అని డాక్టరు గారు చెప్పారు. ఆ రోజు నుంచి నేను దాన్ని చంక దించలేదు.

పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. కింద వాటాలో ఉండే ఇంటావిడ "ఏవండీ, దిష్టి కూడా తీయించి చూడండి, పోయేదేముందీ" అన్నారు. అదీ తీయించాం.

ఒకరోజు సునీత కంప్యూటర్ ముందు నుంచి లేచి వచ్చి, "అమ్మా, దీనికి పడనిది ఏదో ఇంట్లోనే ఉంది. సగం తీసేద్దాం" అంది.

పరుపులు, కర్టెన్లు, బొమ్మలు డాబా మీదకు చేర్చాం. అయినా వచ్చింది. మిగిలిన సామానులో సగం చేర్చాం. వచ్చింది. పాలు మాన్పించాం, గుడ్డు మాన్పించాం, సబ్బు మార్చాం. చివరికి గది ఉత్తదైపోయింది, మాట్లాడితే మన మాటే తిరిగి వినిపించేది. ఆ ఉత్త గదిలో కటిక నేల మీద పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అక్కడా వచ్చింది. మా వాటాయే మంచిది కాదేమోనని కింద ఇంటావిడ గదిలోకి ఎత్తుకెళ్ళాను. అక్కడా వచ్చింది.

"ఏమీ లేకుండా కూడా వస్తోందంటే ఇంకెక్కడ వెతకాలమ్మా" అని సునీత గోడకు చేరగిలబడి ఏడ్చింది.

అప్పుడే పెంటపాడులో మా అన్నయ్య పోయాడు. పిల్లను వదిలి రానన్నాను. "తోడబుట్టినవాడమ్మా, వెళ్ళకపోతే ఎలా? నేను సెలవు పెడతాను" అని సునీతే పంపింది. సమాధి కార్యక్రమం అయ్యాక, ఇంట్లోవాళ్ళను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడిక ప్రార్థన దాకా అక్కడే ఉండిపోయాను. ఫోన్ చేసినప్పుడల్లా "ఈరోజు కూడా రాలేదమ్మా" అని చెప్పేది. మొదట సంతోషంగా చెప్పేది. రానురాను ఆ మాట దగ్గర దాని గొంతు తగ్గిపోతూ వచ్చింది. ఎందుకో నాకు తోచలేదు.

నేను తిరిగి వెళ్ళిన మధ్యాహ్నమే మళ్ళీ వచ్చింది. ఎన్నడూ రానంత గట్టిగా వచ్చింది. పిల్ల తేరుకున్నాక సునీత దాన్ని నా ఒళ్ళోంచి తీసుకుంది. నా మొహం వంక చూడలేదు.

"అన్నీ తీసి చూశామమ్మా..." అని ఆగిపోయింది.

"నన్ను తీయలేదు కదే" అన్నాను.

సంచి సర్దుకుని పెంటపాడు మా వదిన దగ్గరకు వచ్చేశాను.

మనసు ఊరుకుంటుందా? నేను అక్కడుండటం, పిల్లకి అది రావడం రెండూ కలిసి వచ్చాయంతే, నాకేం సంబంధమని నాకు నేనే చెప్పుకున్నాను. కొన్ని వారాలు చూసి, ఎవరికీ చెప్పకుండా పక్కనున్న తాడేపల్లిగూడెం వెళ్ళి ఏలూరు బస్సెక్కాను. జెస్సీకి ఇష్టమని జంతికలు పట్టుకెళ్ళాను. వాళ్ళ వీధి మలుపు తిరిగేసరికి మేడ మీంచి జెస్సీ నవ్వు వినిపించింది. ప్రాణం లేచొచ్చింది. ఇంకొంచెం ముందుకు నడిచాను. నవ్వు ఆగి దగ్గు మొదలైంది. వెంటనే "జెస్సీ! జెస్సీ!" అని సునీత కేక. నేనొచ్చినట్టు ఎవరికీ తెలియదు. కిటికీ తలుపులు ఎండకు మూసే ఉన్నాయి.

మనవరాలు ఊపిరికి కొట్టుకుంటుంటే వెనక్కి తిరిగి పరిగెత్తిన అమ్మమ్మ ఇంకెక్కడా ఉండదు.

బస్టాండులో ఉండగా సునీత ఫోన్ చేసింది. "చాలా రోజులకి మళ్ళీ వచ్చిందమ్మా. ఇప్పుడే తగ్గింది. నువ్వెక్కడున్నావు?"

"పెంటపాడులోనేనే" అన్నాను. నా వెనక మైకు, ఏలూరు బస్టాండు ప్రయాణికులకు తాడేపల్లిగూడెం బస్సు గురించి చెబుతోంది.

"ఎండగా ఉందమ్మా. నెమ్మదిగా వెళ్ళు" అంది.

మళ్ళీ పిల్లకి అది రాలేదు. రోజూ ఫోన్‌లో ఒకరినొకరం చూసుకుంటాం. ఎప్పుడొస్తావని జెస్సీ అడుగుతుంది. "కారణం దొరకని బగ్గులు మాకూ ఉంటాయమ్మా. తప్పించుకునే దారి దొరికితే దాంతోనే నడిపిస్తాం. తీరిపోయిందని మాత్రం రాయం" అంది సునీత.

మా వాళ్ళలో నీళ్ళలో పోయినవాళ్ళు లేరు. పరీక్షలు చేయించుకున్నాను, నా ఒంట్లో ఏ రోగమూ లేదన్నారు. వదిన మనవలు నా ఒళ్ళోనే నిద్రపోతారు, వాళ్ళకేమీ కాదు. ఇదేమిటో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు.

దెయ్యాల్ని నమ్మనని మొదట్లోనే చెప్పాను. ఇప్పుడు నమ్మాలని ఉంది. దెయ్యమే అయితే దాన్ని వెళ్ళగొట్టి, నేను ఉండిపోయేదాన్ని.