మాంబాతా కుండలో నురగ

దక్షిణాఫ్రికాలో తుగేలా నది వారనున్న ఆ కొండల్లో జొన్నబీరు కాచే ఆడవాళ్ళకు కొదవ లేదు. కానీ నురగ అంటే మాంబాతాదే. ఆమె పోసిన కుండలో అగ్గిపుల్ల నిలబెడితే, మగాళ్ళు నస్యం పీల్చి ఊళ్ళోవాళ్ళందరి గుట్టూ విప్పేదాకా ఆ పుల్ల ఒరిగేది కాదు. అబద్ధమనుకునేవాళ్ళు అనుకోండి, నాకేం పోయింది. పెళ్ళికైనా చావుకైనా ఆవిడే కాచాలి. ఆమె పెనిమిటి జ్వెలాకే తొలి గుక్క తాగి, మీసాలకు అంటిన తెల్లటి నురగతోనే పశువుల దొడ్డి దాకా నడిచేవాడు. తుడుచుకోవయ్యా, నవ్వుతున్నారు అంటే, నవ్వనీ, నా పెళ్ళాం చేతిపని దాచుకోవడం దేనికి అనేవాడు.

ఆ మనిషి డర్బన్ ఓడరేవులో మూటలు మోసి మోసి, ఊపిరితిత్తులు చెడి అక్కడే ఆసుపత్రిలో పడ్డాడు. ఒకసారి వచ్చి కనబడి పొమ్మని రెండుసార్లు కబురు పెట్టాడు. సరిగ్గా అప్పుడే మాంబాతా ఇంట్లో ఊరిపెద్ద కొడుకు పెళ్ళికని జొన్నలు మొలకెత్తి ఉన్నాయి. తడి మీద వదిలేసిపోతే మొలకలు బూజు పడతాయి, బూజు మొలకల బీరుకి నురగెక్కడిది? రెండు రోజులు ఎండబెట్టి బయల్దేరదాం, మనిషెక్కడికి పోతాడులే అనుకుంది. మూడోనాడు ఆమె వెళ్ళేసరికి మంచం మీద వేరే ఎవరో పడుకొని ఉన్నారు. నాలుగు గింజల కోసం ఆగానే అని ఆమె తనను తాను తిట్టుకోని రోజు లేదు.

పరాయిచోట పోయినవాణ్ణి ఇంటికి పిలిచి తెచ్చుకోవాలి, లేదంటే దారుల్లోనే తిరుగుతుంటాడు. రెండేళ్ళు నిండాక మరిది ఖొంజానీ డర్బన్ వెళ్ళాడు. అన్న పోయిన మంచానికి రేగుకొమ్మ తాకించి, అన్నా, ఇంటికి పోదాం పద అని పిలిచాడు. పోయినవాడు ఆ కొమ్మ మీదే వస్తాడు కాబట్టి, బస్సులో దానికి వేరే టికెట్టు తీసుకొని పక్కసీట్లో కూర్చోబెట్టాడు. దారి పొడుగునా కొమ్మతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. కండక్టరు ఏదో వేళాకోళం చేసినా నోరు విప్పలేదట.

ఇక మిగిలింది బీరు. పొయ్యి అవతల, వెనక గోడ వార, పోయిన పెద్దల చోటు ఉంటుంది. అక్కడ ఒక కుండ నింపి మూతేసి వదిలేస్తారు. పొద్దున మూత తీసేసరికి నురగ నిలబడి ఉంటే వచ్చినవాడు తాగాడని, ఇంట్లోనే ఉన్నాడని లెక్క. ఆ ఇంటివాళ్ళ ఆనవాయితీ అది, తాతల నాటిది. ఆయన తనను క్షమించాడో లేదో ఆ కుండే చెప్పాలని మాంబాతా ఎదురుచూసింది. ఆ ఒక్కటి తెలిస్తే చాలు ఆమెకు.

పని ఎక్కడా తగ్గించలేదు. మొలకలు తానే రాతి మీద నూరింది, జావ పులియబెట్టింది, గడ్డితో అల్లిన సంచిలో వడకట్టింది. ఆయన కోసమని కుమ్మరి ముసలమ్మ మాసిథోలే దగ్గర కొత్త కుండ తెచ్చింది. ఆయన రాకకని మేకను కోశాక కాస్త కొవ్వు తీసి ఆ కుండకు రుద్దడం మొదలెట్టింది. పైన రుద్దడం అందరూ చేసేదే, కుండ నల్లగా నిగనిగలాడుతుంది. మూటలు మోసి ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన వీపుకు ఇలాగే కొవ్వు పట్టించేది. అది గుర్తొచ్చింది, చేతులు ఆగలేదు. రుద్దుతూ రుద్దుతూ కుండ లోపలికీ పోయాయి. ఏడుస్తూ, ఆయనతో ఏదేదో చెప్పుకుంటూ అడుగుదాకా రుద్దింది.

రాత్రి నింపి పెద్దల చోట పెట్టిన ఆ కుండ మూత పొద్దున్నే ఖొంజానీ తీశాడు. నురగ లేదు. కాలవనీళ్ళలా చప్పబడి ఉంది. అదే బీరు పోసిన మిగతా ఏడు కుండల్లో నురగ అంచులు దాటి పొంగుతోంది. అదే వచ్చిన చిక్కు. బీరు బాగోలేదందామంటే కుదరదు కదా. ముసలాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఖొంజానీ మంచివాడే, నెమ్మదిగానే అన్నాడు.

"అన్న గడప దాటలేదు వదినా. నీ మీద కోపం ఇంకా పోలేదు."

బయట జనం తాగారు, ఆడారు, మేకమాంసం తిన్నారు. కబురు పెడితే పోలేదుగా, మొలకలు కాపలా కాసుకుంటూ కూచుందిగా, ఇప్పుడు అనుభవించమను అని ఆమెకు వినబడేలాగే అనుకున్నారు. పాడు నోళ్ళు. ఆమె మాత్రం ఎవరి మీదా కోపం పెట్టుకోలేదు. రోజూ సాయంత్రం ఆ చోట కూర్చొని ఆయనకు సంజాయిషీ చెప్పుకునేది.

మూడు వారాలకు మాసిథోలే వచ్చింది. తను చేసిన కుండలో నురగ పడిపోయిందంటే తన పేరూ పోయినట్టే మరి. కుండ లోపల వేలు పెట్టి తుడిచి, వాసన చూసి, మాంబాతా వంక చూసింది.

"లోపల కూడా కొవ్వు పూశావా?"

"పూశాను."

"ఎంత పిచ్చిదానివే. జిడ్డు తగిలితే నురగ చస్తుంది. ఏడుపు మొహం పెట్టకు, నీ మొగుడికి కోపం లేదు, ఏం లేదు. బూడిద పట్రా."

ఇద్దరూ కలిసి బూడిదతో, వేణ్ణీళ్ళతో రెండుసార్లు తోమారు. పక్కింటివాళ్ళ కోసం కాచిన బీరు ఉంటే ఎత్తునుంచి అందులో పోశారు. ఎప్పటిలాగే పొంగింది. మాసిథోలే అగ్గిపుల్ల నిలబెట్టింది, అది నిలబడింది. చూశావా, మళ్ళీ మరిదికి చెప్పి పిలిపించుకో అంది ముసల్ది, సంతోషంగా. ఆమె మంచికే అంది పాపం.

మాంబాతా ఆ పుల్లనే చూస్తూ కూర్చుంది. ఈసారి రేగుకొమ్మ లేదు, మేక లేదు, ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఉత్త కడిగిన కుండ. అయినా నిలబడింది. మరి ఇన్నేళ్ళూ ఆ గోడ వార తాగిందెవరు? మామగారు తాగాడనుకున్నారు, ఆయన తండ్రి తాగాడనుకున్నారు. ఆ మూడు వారాలు ఆమె చచ్చి బతికింది నిజమే. కానీ కోపగించుకోవడానికైనా ఆయన ఎక్కడో ఉన్నాడు. గుమ్మం బయట మొహం తిప్పుకునైనా నిలబడ్డాడు. ఇప్పుడు ఆ కోపమూ లేదు.

"మరిదికి నేను చెబుతాలే అక్కా" అంది. చెప్పలేదు.

మాసిథోలే రెండు చేతులతో కుండెత్తి గటగటా తాగి దించింది. పై పెదవి మీద తెల్లగా నురగ గీత పడింది, జ్వెలాకే మీసాలకు అంటినట్టే. ఏంటలా చూస్తావని అడిగింది.

"తుడుచుకో అక్కా" అంది మాంబాతా. ముసల్ది వెంటనే చేత్తో తుడిచేసుకుంది.