నల్లబడిన నాలుక

మొన్న క్రిస్మస్‌కి పట్నంలో బ్రిక్‌ఫీల్డ్స్ పేటలోని అక్క ఫ్లాట్‌కి ఒక రెడ్ వైన్ సీసా పట్టుకెళ్లాను. ఎక్కడో ఎత్తైన కొండల మీద పండిన ద్రాక్షతో చేశారని దాని మీద గొప్పగా రాసి ఉంది. మూత తీయగానే వచ్చిన ఆ పులుపు, వగరు వాసనకి మా పెదనాన్న గుర్తొచ్చాడు.

అమ్మ పోయాక అక్కనీ నన్నూ కింద మా ఊరు సుంగై పెటాని నుంచి కామెరాన్ హైలాండ్స్ కొండల మీద ఆయన కూరగాయల తోటకి పంపేశారు. పగలంతా ఒళ్లు చుర్రుమనే ఎండ, పొద్దు వాలగానే రేకుల ఇంట్లో పళ్లు టకటకలాడించే చలి, ఉడికిన మొక్కజొన్న, తడిమట్టి, కుళ్లిన క్యాబేజీ ఆకుల వాసన, వీటన్నిటి మధ్య చర్చిలో ప్రభు భోజనానికి ఇచ్చే వైన్ కోసమని ఆయన పెంచుకున్న ఒకే ఒక్క ద్రాక్ష పందిరి. కింద మా ఊళ్లో కాసే ద్రాక్ష ఉత్త నీళ్లు. ఇక్కడివి బఠాణీలంత, మందపాటి తొక్క. ఆ ఎండా ఆ చలీ తగిలితేనే తొక్క ముదురుతుందనీ, వైన్‌కి రంగూ వగరూ ఇచ్చేది ఆ తొక్కేననీ ఆయన గంటల తరబడి చెప్పేవాడు. కోత కాగానే నీళ్లు ఆపి, తీగకున్న ఆకులన్నీ మా చేత దూయించేవాడు.

"సచ్చిపోతానని బెదిరితేనే కాస్తది. పిల్లలూ అంతే" అనేవాడు. మాకు అన్నం మాన్పించినప్పుడూ అదే మాట.

ఈస్టర్‌కి ముందు ఒక సాయంత్రం ఆకలికి ఆగలేక ఇద్దరం పందిరి కింద దూరి ఒక గుత్తి తినేశాం. అక్క తొక్కలతో సహా నమిలి మింగింది. ఆయన పాఠం శ్రద్ధగా విన్నదాన్ని నేను, గుజ్జు జుర్రుకుని తొక్కలు ఉమ్మేశాను. అక్కకి మాత్రం చెప్పలేదు.

"నాలుకలు సూపించండే" అన్నాడు పెదనాన్న, గుత్తి తెగిన తొడిమ చూసి వచ్చి.

నాది శుభ్రంగా ఉంది. అక్కది నేరేడుపళ్లు తిన్నట్టు నల్లగా ఉంది. అక్క నా వంక చూసింది గానీ నా పేరు చెప్పలేదు. అమ్మ రోజూ నూనె రాసి దువ్విన ఆ పొడుగాటి జడని, ఆయన తీగలు కత్తిరించే కత్తెరతో కుదుళ్ల దాకా కత్తిరించాడు. ఊడ్చి పారేయమని నాకే చెబితే పారేశాను. ఈస్టర్ నాడు చర్చిలో వాళ్లంతా అక్క బోడి తలని చూశారు, పోయిన కోత వైన్ రంగుని మెచ్చుకున్నారు. బుద్ధిమంతురాలినని పెదనాన్న నాకు రెండు గుక్కలు ఎక్కువే పోశాడు. సిగ్గులేనిదాన్ని, ఎంత గర్వపడ్డానో.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. పందిరి ఉన్నచోట ఇప్పుడు స్ట్రాబెర్రీ షెడ్డు, టూరిస్టుల కార్లు. అక్క మళ్లీ జుట్టు పెంచలేదు.

మొన్న క్రిస్మస్ నాడు అక్క, తను చుక్క ముట్టకుండా నాకు గ్లాసు నిండా పోసి, ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంది.

"ఏదీ, నాలుక సూపించు" అంది.

చిన్నపిల్లలా చాపాను. దగ్గరికి వంగి చూసి, గ్లాసు మళ్లీ నింపింది.

"ఇంకా తాగు. రంగు సరిగా అంటలేదు."