లాకు గోడ మీది ఉత్తరువు

1944 ఫిబ్రవరిలో నన్ను బెజవాడ నుంచి కిందికి పోయే ఒక కాలువ సెక్షనుకు ఓవర్సీరుగా వేశారు. ఆనకట్ట దగ్గర వదిలిన నీళ్లు చివరి పొలం దాకా చేరేట్టు చూడడం, దారిలోని లాకుల మీద అజమాయిషీ నా పని. లాకు అంటే కాలువ పల్లానికి దిగే చోట పైన ఒక జత, కింద ఒక జత తలుపులతో కట్టిన రాతి తొట్టి. పడవ లోపలికి వచ్చాక పై తలుపులు మూసి నీళ్లు కిందికి వదులుతారు. నీటితోపాటు పడవా దిగుతుంది. ఒక్క పడవ దిగినా నాలుగు దిగినా పోయే నీళ్లు అన్నే.

ఆ ఏడు నీటికి కటకటగా ఉంది. అందుకని నాలుగు పడవలు పోగయ్యేదాకా లాకు తీయరాదని ఉత్తరువు రాశాను. నా చేతిరాత ముచ్చటగా ఉంటుందని ఆఫీసులో పేరు. ప్రతి లాకు గోడకీ స్వయంగా రాసి అంటించాను. లాకు తలుపులు తీసే లస్కరు నరసయ్య ఒక్క పెళ్లివారి పడవ కోసమే తలుపులు తీశాడని మెమో కూడా ఇచ్చాను. ఆ వయసులో రూలంటే నాకు అంత మోజు.

మార్చిలో మా అమ్మ వైద్యం కోసం ఊరి నుంచి పడవలో నా క్వార్టర్సుకు వచ్చింది. నెల తిరిగేసరికి ఒక తెల్లవారుజామున పోయింది. మా ఊరి కాలువ గట్టునే దహనం చేయాలని ముందే నా దగ్గర మాట తీసుకుంది. అక్కయ్యకు టెలిగ్రాం ఇచ్చాను. కడసారి చూపు కోసం ఆమె అక్కడ కూర్చుని ఉంటుంది. పొద్దుగుంకే లోపల చేరాలి. యుద్ధం రోజులు, బొగ్గుతో నడిచే బస్సుల్లో శవాన్ని ఎక్కించుకోరు. పడవ మాట్లాడాను.

అమ్మ తల దగ్గర కూర్చున్నాను. కోసిన చేలు, తుమ్మచెట్లు, రేవుల్లో బట్టలుతికేవాళ్లు, అన్నీ వాటంతట అవే వెనక్కి జరిగిపోతున్నాయి. గెడ నీటిలో పడే చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. నీటి మీది వెలుగు పడవ కప్పు కిందికి వచ్చి అమ్మ ముఖం మీద కదులుతుంటే, నిద్రలో ఏదో వింటున్నట్టు కనిపించింది. మైలురాళ్లు లెక్కపెట్టడం నా అలవాటు. ఆ రోజు ఒక్కటీ కనబడలేదు. మేం కదలడం లేదనీ, ఊరే మా దగ్గరికి వస్తోందనీ అనిపించింది.

లాకు దగ్గర పడవ ఆగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అది నరసయ్య లాకే. అక్కడ రెండు బియ్యం పడవలు, జనాన్ని ఎక్కించుకునే ఒక రహదారీ పడవ ముందే ఉన్నాయి. మాతో నాలుగయ్యాయి, పని జరిగినట్టే అనుకున్నాను. కానీ శవం ఉన్న పడవతో ఒకే తొట్టిలో దిగడానికి వాళ్లు ససేమిరా అన్నారు. అది శవంతో కలిసి గోతిలోకి దిగినట్టేనని వాళ్ల భయం. మరో పడవ వస్తే వాళ్లు నలుగురై వెళ్లిపోతారు, మేం ఒంటరిగా మిగులుతాం. నా రూలులో దీనికి చోటు లేదు. అమ్మను అవతలికి మోసుకుపోదామంటే అక్కడ పడవ లేదు. ఎత్తిన శవాన్ని ఊరు చేరకుండా నేల మీద దించకూడదు.

"తమరు ఒక్క మాటంటే తీసేస్తానండీ," అన్నాడు నరసయ్య.

అతనికి మెమో రాసినవాణ్ణి ఆ మాట ఎలా అనను? గోడ మీద నా అక్షరాలు గుండ్రంగా కనిపిస్తున్నాయి. నా చూపు ఎటుందో అతను గమనించాడు.

"పోయిన నెల అమ్మగారు వచ్చేటప్పుడూ ఇక్కడే ఆగారండీ. రెండు గంటలు. అప్పటికే ఆయాసపడుతున్నారండీ. తమరి అమ్మగారని తెలిసి తీయబోతే వద్దన్నారు. ఆ కాయితం మీరు రాసిందని చెప్తే, మెల్లగా దిగొచ్చి చేత్తో తడిమి చూసుకున్నారండీ. 'మావాడు రాశాడంటే ఆగాల్సిందే నాయనా' అన్నారు."

అమ్మకు చదువు రాదు. నా దగ్గర ఆ సంగతి ఎత్తనే లేదు. సిగ్గూ దుఃఖమూ ఒక్కసారే వచ్చి, గట్టు మీద కూలబడి ఏడ్చాను.

రహదారీ పడవలో చీరల మూటలతో వెళ్తున్న ముసలి నేతగాడొకాయన ఇదంతా విన్నాడు. "అంతసేపు ఆగిన తల్లితో కలిసి దిగితే మనకేం ముంచుకొస్తుందయ్యా? పదండి, పొద్దుపోతోంది," అని తన పడవవాణ్ణి గదమాయించాడు. ఆ పడవ కదలగానే మిగతావీ కదిలాయి.

పై తలుపులు మూసుకున్నాయి. నాలుగు పడవలూ ఒకదానికొకటి ఆనుకుని దిగసాగాయి. పాచి పట్టిన తడి గోడలు మెల్లగా పైకి లేచాయి. ఎండ ఎక్కడో పైన మిగిలిపోయింది. లాకు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో నాకు కంఠతా వచ్చు. ఆ రోజు ఎంతసేపు పట్టిందో మాత్రం చెప్పలేను. అమ్మ చేతిని నా చేతిలోకి తీసుకున్నాను. "ఇక ఆగక్కర్లేదమ్మా, వెళ్లు," అన్నాను. కింది తలుపులు తెరుచుకున్నాయి.

పొద్దుగుంకక ముందే ఊరు చేరాం. అక్కయ్య అమ్మను చూసుకుంది. ఆలస్యమెందుకైందని అడిగితే లాకు దగ్గర ఆగామన్నాను. ఎవరి ఉత్తరువో చెప్పలేదు.

కర్మకాండ ముగించి డ్యూటీలో చేరాక నరసయ్య మెమో రద్దు చేశాను. ఉత్తరువుకు ఒక వాక్యం కలిపాను: రోగి గాని, శవం గాని ఉన్న పడవ ఒక్కటే వచ్చినా లాకు తీయవలెను. ఆ తర్వాత సర్వీసులో ఎన్నో ఉత్తరువులు రాశాను. సంతకం పెట్టేముందు, దీనివల్ల ఎవరు ఆగవలసి వస్తుందని అడగడం అప్పుడు అలవాటైంది.

ఆ వాక్యం చూసి మా పై ఆఫీసరు, మీకు ఇబ్బంది కలిగింది శవంతో కదా, రోగి మాట ఎందుకు ముందు పెట్టారని అడిగారు.

మా అమ్మ ఆ లాకు దగ్గర రెండుసార్లు ఆగిందండీ, మొదటిసారి ప్రాణంతో ఉంది అని చెప్పాను.