కోపం రాకూడని రోజు

పిల్లలూ, మీరు ఫోనుకు పంపిన వీడియో, వాకిట్లో కాఫీ పళ్ళు ఎండబోస్తూ నాలుగుసార్లు చూశాను. ఎక్కడినుంచో ఒంటరిగా వచ్చిన మగ సింహం ఒకటి, జట్టుగా తిరిగే రెండు మగ సింహాల వెనకే రోజుల తరబడి నడిచి, చివరికి తల వంచి దగ్గరకొస్తే, అవి దాన్ని వాసన చూసి, మెడకు మెడ రాసి కలుపుకున్నాయి. ఒక కడుపున పుట్టకపోయినా మగ సింహాలు అలా జట్టు కడతాయట. "ఎంత ముద్దుగా ఉన్నాయో అమ్మమ్మా" అని రాశారు. నాకు ముద్దు రాలేదు. మా అయ్య గుర్తొచ్చాడు.

అయ్యది కొయ్యూరు వైపు. డుంబ్రిగుడ దగ్గర మా అమ్మ ఊరికి ఇల్లరికం వచ్చాడు. చైత్రంలో ఇప్పపూల వాసన ఊరంతా కమ్ముకుని, కొత్త మామిడికాయ కొరికితే పళ్ళు పులిసి, జీలుగు కల్లు కుండలు అరుగుల మీద నురగలు కక్కే మా వేట పండగ, ఇటుకల పండగ రోజుల్లో, మగాళ్ళంతా విల్లంబులు పట్టుకుని కొండకు వేటకు పోయేవారు. పడిన జంతువులో వేటకెళ్ళిన ప్రతి ఇంటికీ వాటా. అయ్య భుజానా విల్లు ఉన్నా, ఆయన్ను మాత్రం పొదలు కొట్టి జంతువును తోలడానికే తీసుకెళ్ళేవారు. జట్టుకు పెద్ద సోంబారి మామ, మా అమ్మకు పెదనాన్న కొడుకు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అడవిపంది పడింది. దాని డొక్కలో దిగిన బాణానికి ఎర్రకోడి ఈక ఉంది. అయ్య బాణానికి ఆ ఈక కట్టింది నేనే. సోంబారి మామ బాణం పీకి, చూసి, పక్కన పడేశాడు.

"తోలినోడికి వాటా ఏటి బావా? మోసుకొచ్చినావు కదా, వాసన సూసుకో."

అందరూ నవ్వారు. అయ్య కూడా నవ్వాడు. ఆ పూట ప్రతి పొయ్యి మీదా మాంసం ఉడుకుతుంటే మేం చోడి అంబలి తాగాం.

"మనకెందుకియ్యలేదయ్యా?"

"పై ఊరోణ్ణి కదే గుంటా. కలుపుకోడానికి టైం పడతాది."

అయ్య ఎన్నేళ్ళయినా ఆగుతాడు. నేను ఒక్క ఏడాది ఆగాను.

వేటనుంచి ఖాళీ చేతులతో దిగిన మగాళ్ళ మీద ఆడాళ్ళు పేడనీళ్ళు పోస్తారు. పోయించుకున్నవాడికి కోపం రాకూడదు. అది మా ఊరి కట్టు. మరుసటేడు కుందేలు కూడా దొరకలేదు. నేను చేతులకు ఆకులు చుట్టుకుని, ముట్టుకుంటే ఒళ్ళంతా దురదెత్తించే దూలగొండి కాయల నూగు గీకి, ముందే దొప్పలో దాచుకున్నాను. దాన్ని నా పేడనీళ్ళ కుండలో కలిపాను.

"పంది ఏదీ మామా, జేబులో ఎట్టుకున్నావేటి?" అని వదినలు ఎగతాళి చేస్తుంటే, నేను అరుగెక్కి సోంబారి మామ వీపు మీద కుండ బోర్లించాను.

"గుంట సేతికి బలముందిరా" అని నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. గోక్కుంటూ ఊరి పక్క గెడ్డ నీళ్ళకు పరిగెత్తాడు. అతన్ని పట్టుకున్నవాళ్ళకు అంటుకుంది, వాళ్ళను పట్టుకున్నవాళ్ళకూ అంటుకుంది. జట్టంతా గెడ్డలో పడి మూలుగుతుంటే, నేను ఒడ్డున రాయి మీద కూర్చుని కడుపునిండా చూశాను.

అప్పుడొచ్చాడు మా అయ్య, దురద తీసే పొయ్యి బూడిద తట్టతో. నీళ్ళలో దిగి ముందు సోంబారి మామ వీపుకు రాశాడు, తర్వాత ఒక్కొక్కరికీ. నూగు తనకూ అంటితే వాళ్ళంతా అయ్య వీపు రుద్దారు.

"నువ్వు నేకపోతే సచ్చిపోదుం బావా" అంటూ సోంబారి మామ అయ్య మెడ మీద తల ఆనించాడు.

నాకు ఏడుపొచ్చింది. ఇంటికొచ్చాక అయ్య నా వాచిన అరచేతులు చూశాడు. మిగిలిన బూడిద వాటికి రాశాడు.

పై ఏడు మా ఇంటికీ ఆకులో వాటా వచ్చింది. అయ్య వాళ్ళ వరసలో కూర్చుని, కల్లు తాగి, మొదటిసారి పాట అందుకున్నాడు. నా ముక్క నేను తినలేదు. బాణం చూసి ఇస్తే తినేదాన్ని. వాళ్ళు ఇచ్చింది బూడిదకు.

ఇప్పుడు వేట లేదు. విల్లంబులు సంతలో బొమ్మల్లా అమ్ముతున్నారు. ఫోన్లు పాడవుతాయని పేడనీళ్ళకు బదులు పసుపునీళ్ళు చిలకరిస్తున్నారు. అయ్యా సోంబారి మామా పోయాక ఇద్దరికీ పక్కపక్కనే గుర్తు రాళ్ళు పాతారు. పండగకు ఊళ్ళో అందరూ రెండు రాళ్ళ మీదా ఇప్పసారా పోస్తారు. నేను అయ్య రాయి మీద గ్లాసంతా పోసి, చివరి చుక్క దాకా దులిపి ఇంటికొచ్చేస్తాను.