ఇంగువ కలిపిన ఎర

గల్ఫ్‌లోని రువైస్‌లో శుక్రవారం చేపలు పట్టడానికి వెళ్లే కారు మా ముదీర్‌ది, అంటే మేనేజరుది. వెనక సీటు నాది. ఆయన తన దేశంలో కొండల మధ్య చెరువుల్లో ట్రౌట్ చేపలు పట్టినవాడు. ఆ అనుభవంతో ఇక్కడి సముద్రానికి కూడా సీసాలో నారింజరంగు చేపగుడ్లు తెచ్చి, తలా పది ఎరగా పంచేవాడు. వాటికి నాలుగు వారాలుగా ఒక్క చేపా పడలేదు.

ఐదో వారం నేను గోధుమపిండిలో ఇంగువ కలిపి ముద్ద చేసుకెళ్లాను. నెల్లూరులో మా నాన్న వాడిన ఎర అదే. కారు ఎక్కగానే ముదీర్ అద్దం దించాడు.

"అది పారెయ్. లేదా నువ్వు దిగు."

పక్కనున్న కడప ఫోర్‌మన్ నా చెవిలో గొణిగాడు. "పారేయ్‌ప్పా. శుక్రవారమంతా రూములో గోడలు చూస్తా కూచుంటావా?"

"సార్, ఇక్కడి సాఫీ చేప నాచు తింటుంది. మీ గుడ్లు దానికి అలవాటు లేవు" అన్నాను.

"దిగు."

దిగాను. తలుపు మెల్లగానే వేశాను. కారుకు పది నిమిషాల దారి, నాకు రెండు గంటలు పట్టింది. చలికాలం కనుక బతికాను. వాళ్లకు కాస్త దూరంలో కూర్చుని గాలం వేశాను. సాయంత్రానికి నాకు రెండు సాఫీలు పడ్డాయి, వాళ్లకు గాలి బాగా తగిలింది.

ముదీర్ వచ్చి చేపలను చూశాడు. "సరే, ఎక్కు. ఆ ముద్ద మాత్రం ఇక్కడే వదిలెయ్" అన్నాడు.

"ఇంకా సగం ఉంది సార్" అని నడక మొదలుపెట్టాను.